మూడుసార్లు పిలిచాక

కె. బాలగోపాల్ స్మృతిలో రెడ్డిగూడెంలో చేసిన ఉపన్యాసం

మేజిస్ట్రేటు కోర్టు వరండాలో ఉదయం పదిన్నర దాటాక ఒక గొంతు వినిపిస్తుంది. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి కేసు నంబరు చదివి, ముద్దాయి పేరు మూడుసార్లు పిలుస్తాడు. జనం రొదలో పేరు ఒక్కోసారి సగమే వినబడుతుంది, ఇంటిపేరు ముందో వెనకో పడుతుంది. చెట్టుకింద టీ తాగుతున్న మనిషి అది తన పేరేనని పోల్చుకుని లేచేలోపు లోపల కాయితం మీద ఒక ముక్క పడిపోతుంది: రెండో ముద్దాయి గైర్హాజరు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంటు) జారీ.

రెడ్డిగూడెం లాంటి మామిడి ఊళ్లలో ఈ ముక్క పడటానికి మామిడికాయ కూడా కారణం కావచ్చు. బంగినపల్లి కోతకొచ్చిన వారంలోనే వాయిదా ఉంటే, నున్న మార్కెట్టుకు లోడు ఎత్తాల్సిన కౌలురైతు కోర్టు మెట్లెక్కడం కష్టం. ఆ ఒక్కరోజు కాయ చెట్టునే ఉండిపోతే ఏడాది కౌలు పోయినట్టే. వకీలుకు ఫోన్ చేసి చెప్తే ఆయన ఆ వేళకు గైర్హాజరు పిటిషన్ వేస్తాడు, పని గడిచిపోతుంది. ఫోన్ చేయాలన్న సంగతి తెలియనివాడికి మాత్రం గడవదు. కావాలని పారిపోయినవాడికీ, కోతల్లో పడి తేదీ మరిచినవాడికీ కోర్టు నుంచి వచ్చే వారెంటు కాయితం ఒకటే. ఈ ఉపన్యాసం ఆ రెండోవాడి గురించి.

బాలగోపాల్ పేరు మీద ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. 1952లో పుట్టి 2009 అక్టోబరు 8న పోయిన ఆయన గణితంలో డాక్టరేటు చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, పౌరహక్కుల పనిలోకి వచ్చి, చివరి దశాబ్దంలో నల్లకోటు వేసుకుని హైకోర్టులో పేదల తరఫున వాదించారు. ఆయన జీవితకాలం చేసిన పనికి తెలుగులో ఉన్న పేరు నిజనిర్ధారణ. ఒక ఊళ్లో ఏం జరిగిందో ఎవరో చెప్తే వినడం కాదు, వెళ్లి, కాయితం చూసి, మనిషిని అడిగి, రాసుకోవడం. తన పేరు మీద వారెంటు ఉందో లేదో తెలుసుకోవడం కూడా అలాంటి ఒక చిన్న నిజనిర్ధారణే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరి గురించి వాళ్లే తెలుసుకోవాలి.

కేసైనా వారెంటైనా పాతబడి చచ్చిపోతుందని చాలామంది నమ్మకం. మూడేళ్లయింది, ఎవరూ రాలేదు, ఇంక ఏముంటుందిలే అనుకుంటారు. ఈ నమ్మకం ఎంత తప్పో తెలుగువాళ్లందరికీ ఒకేసారి తెలిసిన సందర్భం బాబ్లీ కేసు. గోదావరి మీద మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో కడుతున్న బాబ్లీ బ్యారేజీని చూస్తామంటూ 2010 జులైలో ప్రతిపక్ష నేతగా ఉన్న చంద్రబాబు నాయుడు, తెలుగుదేశం ఎంపీలు, ఎమ్మెల్యేలతో కలిసి సరిహద్దు దాటారు. అక్కడి పోలీసులు వాళ్లను అదుపులోకి తీసుకుని ధర్మాబాద్‌లో ఉంచారు. కొన్ని రోజులకు విమానంలో హైదరాబాద్‌కు పంపేశారు. టీవీలు వేరే వార్తల్లోకి వెళ్లిపోయాయి, జనం మరిచిపోయారు. కేసు మాత్రం ధర్మాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో నంబరుతో సహా అలాగే ఉంది. ఎనిమిదేళ్లకు, 2018 సెప్టెంబరులో, ఆ కోర్టు జారీ చేసిన నాన్‌బెయిలబుల్ వారెంటు వార్త గుప్పుమంది. అప్పటికి చంద్రబాబు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆయనతోపాటు మరో పదిహేను మందిని సెప్టెంబరు 21కల్లా హాజరుపరచాలని ఆదేశం. జాబితాలో ఉన్న కొందరు నాయకులు ఆ రోజు ధర్మాబాద్ వెళ్లి కోర్టులో నిలబడి బెయిలు తెచ్చుకున్నారు.

ఆ రాజకీయాల మంచిచెడ్డలు ఇక్కడ అనవసరం. చూడాల్సింది కాయితం స్వభావం. ముఖ్యమంత్రి వెనక లాయర్లు, అధికారులు, పార్టీ యంత్రాంగం అంతా ఉంటుంది. అలాంటి మనిషి పేరు మీద ఉన్న కేసే ఎనిమిదేళ్ల తర్వాత లేచి కూర్చుంటే, విస్సన్నపేట సంతలో తగాదా పడి చార్జిషీటులో నాలుగో ముద్దాయిగా ఎక్కి, తర్వాత హైదరాబాద్‌లో తాపీపనికి వెళ్లిపోయిన మనిషి సంగతి చెప్పేదేముంది?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వారెంటును జారీ చేసిన కోర్టు రద్దు చేయాలి, లేదా అది అమలు కావాలి. ఈ రెంటిలో ఒకటి జరిగేదాకా అది బతికే ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 70వ సెక్షను. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72. గడువు అనే మాట ఆ సెక్షన్లో లేదు. వారెంటు పోలీసులది కాదు, కోర్టుది. అందుకే స్టేషన్లో ఎంత తెలిసిన మనిషి ఉన్నా, ఎంత పెద్దమనిషి మాట సాయం చేసినా దాన్ని తీసేయడం వాళ్ల చేతిలో లేదు. ఎస్సైకి ఉన్న పని దాన్ని అమలు చేయడం, లేదా ఎందుకు కాలేదో కోర్టుకు రాసివ్వడం. మనిషి దొరకలేదని ఏళ్ల తరబడి రాసిస్తుంటే అతని మీది కేసును మిగతా ముద్దాయిల నుంచి విడదీసి ఎల్‌పీసీలో, అంటే దీర్ఘకాలంగా పెండింగులో ఉన్న కేసుల రిజిస్టరులో వేస్తారు. అది అటకెక్కించడం కాదు. ప్రత్యేక డ్రైవులు పెట్టినప్పుడు పోలీసులు ముందు తీసేది ఆ రిజిస్టరే.

వారెంట్లన్నీ ఒకటి కావని కూడా తెలిసి ఉండాలి. మొదట వచ్చేది సమను, ఫలానా తేదీకి రమ్మని పిలుపు. దానికి రాకపోతే బెయిలబుల్ వారెంటు. ఎంత మొత్తానికి, ఎంతమంది పూచీ ఇస్తే వదలాలో ఆ కాయితం మీదే రాసి ఉంటుంది, ఆ పూచీ తీసుకుని పోలీసులే వదిలేయవచ్చు. దానికీ రాకపోతే నాన్‌బెయిలబుల్. ఈ పేరు వినగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, ఇక బెయిలే రాదనుకుంటారు. అలా కాదు. స్టేషన్లో బెయిలు ఇవ్వరని మాత్రమే దాని అర్థం, కోర్టు ఇవ్వగలదు. ఈ మూడు మెట్లూ వరసగా ఎక్కాలని, తిన్నగా మూడోదానికి ఎగబాకకూడదని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. 2022లో సతేందర్ కుమార్ అంతిల్ కేసులోనూ ఆ వరసను మళ్లీ గుర్తుచేసింది. ఆచరణలో ఆ మధ్యమెట్టు చాలాచోట్ల మాయమవుతోంది. సమను అందిందో లేదో తేలకుండానే ఎన్‌బీడబ్ల్యూ పడిన కాయితాలు ఏ కోర్టు గుమాస్తా బల్ల మీదైనా కనిపిస్తాయి.

ఇన్ని వారెంట్లు ఎందుకు పడతాయి? పారిపోయినవాళ్లే కారణం అనుకోవడం సులువు. పల్లెల్లో మరో కారణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే రాజీ. గట్టు తగాదాలో రెండు కుటుంబాలు కొట్టుకుంటాయి, స్టేషన్లో కేసవుతుంది. ఆరు నెలలకు రామాలయం అరుగు మీద పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఇరువైపులా ఒప్పుకుంటారు, ఎవరి ఆస్పత్రి ఖర్చులు ఎవరు పెట్టుకోవాలో తేల్చుకుంటారు, ఆ ఏడు పెళ్లికి ఒకళ్లింటికొకళ్లు భోజనానికి కూడా వెళ్తారు. కేసు అయిపోయిందని అందరూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. అరుగు మీద జరిగిన రాజీ కోర్టు కాయితంలోకి ఎక్కలేదు. రాజీకి వీలున్న నేరమైతే ఇద్దరూ కోర్టుకు లేదా లోక్ అదాలత్‌కు వెళ్లి సంతకాలు చేస్తేనే కేసు ముగుస్తుంది. రాజీకి వీలులేని సెక్షను ఒక్కటి ఉన్నా ఆ కేసు విచారణ దాకా నడవవచ్చు. ఊళ్లో మంచి జరిగి, కోర్టులో చెడ్డ జరుగుతున్న ఈ పరిస్థితి చూస్తే గుండె తరుక్కుపోతుంది. అన్యాయం చేసినవాళ్లు కాదు, కలిసిపోయినవాళ్లు ఇక్కడ శిక్ష అనుభవిస్తున్నారు.

మరి ఉందో లేదో తెలుసుకునేది ఎలా? పదిహేనేళ్ల కిందట దీనికి ఒకటే దారి ఉండేది. వకీలు గుమాస్తాను పట్టుకుని, కోర్టు ఆఫీసులో రిజిస్టరు తిప్పించడం. ఇప్పుడు చేతిలోని ఫోనే చాలు. ఈ-కోర్ట్స్ పేరుతో దేశంలోని జిల్లా కోర్టుల కేసుల స్థితి చూపించే వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అనే పదహారు అక్షరాంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి. అది తెలిస్తే క్షణంలో కేసు తెరుచుకుంటుంది. తెలియకపోయినా పేరుతో వెదకవచ్చు, పోలీస్ స్టేషను, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెదకవచ్చు. తెరుచుకున్న పేజీలో కిందికి వెళ్తే పాత వాయిదాలన్నీ తేదీలవారీగా ఉంటాయి. ఒక్కో తేదీని నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో ఒకటి రెండు ముక్కల్లో కనిపిస్తుంది. ఎన్‌బీడబ్ల్యూ అన్న అక్షరాలు అక్కడే దొరుకుతాయి.

దగ్గర కూర్చుని చూస్తే ఇది చెప్పినంత తేలిక కాదు. పేరు ఇంగ్లీషులో కొట్టాలి, అక్కడే చిక్కు. వెంకటేశ్వర్లు అన్న పేరును చార్జిషీటు రాసిన కానిస్టేబులు ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో లెక్క లేదు. చివర ‘లు’ ఉంటుంది, ఉండదు. మధ్యలో ‘వ’ కోసం ఒక అక్షరం వాడతారు, ఇంకొకటి వాడతారు. ఇంటిపేరు ఒక్కోచోట పూర్తిగా, ఒక్కోచోట పొట్టిగా ఉంటుంది. కొన్నిచోట్ల అసలు పేరే కాదు, ఊళ్లో పిలిచే ముద్దుపేరు ఎక్కి ఉంటుంది. కాబట్టి మూడు నాలుగు అక్షరాలతో మొదలుపెట్టి వెదకడం మేలు, తండ్రి పేరుతో సరిచూసుకోవాలి. జిల్లా ఎంచుకునేటప్పుడు ఇంకో తికమక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. కోర్టుల అమరిక మాత్రం పాత ఉమ్మడి కృష్ణా జిల్లా చొప్పునే నడుస్తూ వచ్చింది. సత్తుపల్లిలోనో మధిరలోనో కేసైతే అది ఖమ్మం కిందికి, అంటే తెలంగాణలోకి వెళ్తుంది. సరిహద్దు ఊళ్లవాళ్లు రెండు చోట్లా చూసుకోవాలి.

ఫోన్లో కనపడలేదంటే లేనట్టని తీర్మానించుకోకూడదు. చాలా పాత కేసులు, విడదీసిన కేసులు అన్నీ పేరుతో దొరక్కపోవచ్చు. అప్పుడు మళ్లీ పాత దారే. స్టేషన్లో కోర్టు పనులు చూసే కానిస్టేబులు ఒకరుంటారు, వారెంట్ల రిజిస్టరు ఆయన దగ్గర ఉంటుంది. ముద్దాయి తానే వెళ్లి అడిగితే అక్కడే కూర్చోబెట్టే ప్రమాదం ఉంది కనుక వకీలు చేతో, గుమాస్తా చేతో అడిగించడం వివేకం. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఏ.కొండూరు తండాల నుంచి వచ్చే సుగాలీ కుటుంబాలకు ఈ ఒక్క నంబరు తెలిసినా ఎన్నో రాత్రుళ్ల భయం తగ్గుతుంది.

అమెరికా వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి ఇంకోలా బయటపడుతుంది. పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెడతారు, పోలీసు విచారణ వస్తుంది, కాలేజీ రోజుల్లో ధర్నాలో పెట్టిన కేసు అప్పుడు తేలుతుంది. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఆరో సెక్షను ప్రకారం క్రిమినల్ కేసు నడుస్తున్నా, కోర్టు వారెంటు ఉన్నా పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కేసు ఉన్న కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి తెరుచుకుంటుంది. వీసా తేదీ దగ్గరపడ్డాక ఈ పరుగులు మొదలుపెట్టడం కన్నా ముందే ఒకసారి వెదికి చూసుకోవడానికి అరగంట పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఈ మధ్య మీ పేరు మీద వారెంటు ఉందంటూ ఫోన్లు వస్తున్నాయి. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి వీడియోలో కనిపిస్తాడు, వెనక గోడ మీద పోలీసు చిహ్నం, చేతిలో ముద్రలున్న కాయితం. గది తలుపు వేసుకోమంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు, డిజిటల్ అరెస్టు అంటాడు, చివరికి డబ్బు పంపమంటాడు. భారతదేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ మోసం గురించే ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఏ కోర్టూ వాట్సాప్‌లో డబ్బు తీసుకుని వారెంటు రద్దు చేయదు. అలాంటి ఫోను వస్తే పెట్టేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. రిటైరైన మాస్టార్లు, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు దీనికి ఎక్కువగా బలవుతున్నారు. నిజమైన వారెంటు తెచ్చే పోలీసును కాయితం చూపించమని అడిగే హక్కు చట్టమే ఇచ్చింది.

వారెంటు ఉందని తేలింది. తర్వాత? ఇప్పుడు రెండు దారులు. శుక్రవారం రాత్రి స్టేషను వాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా ఆగడం ఒకటి. తనంతట తాను ఒక పనిదినం ఎంచుకుని, వకీలుతో కోర్టుకు వెళ్లి నిలబడటం రెండోది. మనిషిని పట్టి తెచ్చినా ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాల్సిందే, రాజ్యాంగం 22వ అధికరణం మాట అది. అయినా పట్టుకొచ్చిన ముద్దాయిని చూసే చూపు వేరు, నడిచొచ్చిన ముద్దాయిని చూసే చూపు వేరు. రెండోవాడి తరఫున వకీలు వారెంటు రీకాల్ పిటిషను వేస్తాడు. రాకపోవడానికి కారణం రాస్తాడు. ఆస్పత్రిలో ఉంటే ఆ చీటీ, ఊరు మారి ఉంటే కొత్త చిరునామాకు రుజువు జతచేస్తాడు. కోర్టు ఒప్పుకుంటే వారెంటు వెనక్కి తీసుకుంటుంది, కొంత ఖర్చులు కట్టమనవచ్చు, కొత్తగా జామీనులు ఇమ్మనవచ్చు. ఒప్పుకోకపోతే రిమాండు చేయవచ్చు. ఆ అవకాశం ఉందని వకీలు ముందే చెప్పాలి, ముద్దాయి ఇంట్లో చెప్పి రావాలి. కొందరు దీనికి జంకి ముందస్తు బెయిలు అంటూ హైకోర్టు దాకా వెళ్లి వేలు ఖర్చుపెడతారు. ఎఫ్ఐఆర్ పడి ఇంకా అరెస్టు కాని మనిషికి ముందస్తు బెయిలు అక్కరకొస్తుంది. వాయిదాకు రాక పడిన వారెంటుకు మందు చాలావరకు ఆ కింది కోర్టులోనే ఉంటుంది.

ఆగేవాళ్లకు ముందుకన్నా ఇప్పుడు నష్టం ఎక్కువ. ప్రకటన వేసి, ముప్పై రోజులు గడువిచ్చి, ఆస్తి జప్తు చేసే పద్ధతి ముందు నుంచీ ఉంది. కొత్త సంహిత 356వ సెక్షను తీవ్రమైన నేరాల్లో పారిపోయిన ప్రకటిత నేరస్థుడు లేకుండానే విచారణ నడిపి తీర్పు చెప్పే వీలు కల్పించింది.

బెయిలు వచ్చిందన్న మాట వినగానే మనిషి ఇంటికొచ్చినట్టు కాదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఇంటిపన్ను రసీదు కావాలి, లేదా పొలం పాస్‌బుక్కు, లేదా ప్రభుత్వోద్యోగి జీతం సర్టిఫికెట్టు. ఆధార్ కావాలి. ఈ మనిషి ఇంకెవరికీ జామీను లేడన్న ప్రమాణపత్రం కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఒక ఆడమనిషి మరిది ఇంటి గుమ్మంలో నిలబడి “మీ అన్నయ్యకి జామీను ఉంటావా అయ్యా” అని అడిగే తీరు చూసినవాళ్లకు దాని బరువు తెలుసు. అడిగించుకునేవాడి బరువు తక్కువేం కాదు. రేపు ముద్దాయి వాయిదాకు రాకపోతే కోర్టు బాండు రద్దు చేసి జామీనుదారుకు నోటీసిస్తుంది, ఒప్పుకున్న మొత్తం కట్టిస్తుంది. అందుకే ఊళ్లో జామీను ఉండేవాడు ముద్దాయి కన్నా జాగ్రత్తగా వాయిదా తేదీలు గుర్తుపెట్టుకుంటాడు. “బాబాయ్, రేపు వాయిదా, ఆరున్నర బస్సుకి బయల్దేరు” అని ముందు రాత్రి ఫోను చేసేది అతనే. మనిషిని కోర్టుకు రప్పించేది రసీదు మీది మొత్తం కాదు, ఆ ఫోన్ కాల్. కోర్టుల దగ్గర డబ్బు తీసుకుని జామీనుండే అపరిచితులు దొరుకుతారు. వాళ్లు ఆ ఫోను చేయరు. దొంగ రసీదు బయటపడితే బెయిలు పోవడమే కాక కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఈ బరువు గురించి దేశంలో అందరికన్నా గట్టిగా రాసిన న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్. ఆయన రాసిన ఒక ప్రసిద్ధ ఉత్తర్వు తెలుగు నేలకు చెందిన కేసులోదే. గుడికంటి నరసింహులు వర్సెస్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 1977 డిసెంబరు. బెయిలా జైలా అనే ప్రశ్నను న్యాయమూర్తి మనసుకు తోచినట్టు కాక, మనిషి స్వేచ్ఛను రాజ్యాంగపు విలువగా గుర్తించి తేల్చాలని ఆయన అందులో వివరించారు. మరుసటేడు మోతీరాం కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలు ఇమ్మంది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగాడు. 1978లో పదివేలంటే ఆ మేస్త్రీకి ఏళ్ల కూలి. అతని సోదరుడు జామీనుంటానని వస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమంది. ఆ తీర్పులో కృష్ణయ్యర్ అడిగిన ప్రశ్నలో తెలుగువాడూ ఉన్నాడు: ఒక తెలుగువాడో మలయాళీయో ఎక్కడో ఉత్తరాదిలోనో అండమాన్‌లోనో పట్టుబడితే ఆ ఊళ్లో ఆస్తి ఉన్న జామీనును ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ తీర్పు వచ్చి నలభై ఏడేళ్లు దాటింది. లారీ క్లీనరుగా వెళ్లి పరాయి రాష్ట్రంలో కేసులో ఇరుక్కున్న కుర్రాడి తల్లిదండ్రులు ఇప్పటికీ అదే ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నారు.

జవాబు కొంత వచ్చింది. 2022 చివరినాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి శిక్ష పడలేదు. బెయిలు వచ్చి కూడా జామీను లేక లోపలే ఉండిపోయినవాళ్ల కోసం సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు కాపీ జైలుకు ఈమెయిలులో అదే రోజో మర్నాడో అందాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెల దాటినా జామీను కుదరకపోతే షరతు తగ్గించాలేమో కోర్టు తానే పరిశీలించాలి. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా గుర్తించింది. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. కలెక్టరు నాయకత్వంలోని జిల్లా కమిటీ ఒప్పుకుంటే విచారణ ఖైదీ బెయిలు కోసం 40,000 రూపాయల దాకా కోర్టుకు కట్టే వీలు అందులో పెట్టారు. బెయిలు ఇవ్వదగిన నేరంలో వారంలోగా జామీను తేలేని మనిషిని నిరుపేదగా లెక్కించి సొంత పూచీ మీద వదలాలన్న నియమం అంతకుముందు నుంచే చట్టంలో ఉంది. ఈ సంగతులన్నీ జైల్లో ఉన్న మనిషికి ఎవరు చెప్తారు? విజయవాడ జిల్లా జైలు దగ్గర ములాఖత్‌కు వచ్చిన తల్లికి ఎవరు చెప్తారు? కోర్టు ఆదేశం ఎంత మంచిదైనా, అది ఫలానా మనిషికి వర్తిస్తుందని కోర్టుకు గుర్తుచేసే వకీలు ఒకరుండాలి. బాలగోపాల్ చివరి పదేళ్లూ చేసింది అలాంటి పనే.

ఉత్తర్వుకూ జైలు గేటుకూ మధ్య దూరం ఎంతో 2024 డిసెంబరు 13 రాత్రి తెలుగువాళ్లంతా టీవీలో చూశారు. సంధ్య థియేటరు తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు, నాంపల్లి కోర్టు రిమాండు చేసింది, అదే సాయంత్రం హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. అయినా ఆయన చంచల్‌గూడ జైలు నుంచి బయటికొచ్చింది మర్నాడు ఉదయం. పెద్ద వకీళ్లున్న నటుడికే ఒక రాత్రి పట్టింది. మామూలు మనిషికి ఆ రాత్రి వారమవుతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ కన్నెగంటి లలిత 2021లో ఇచ్చిన ఉత్తర్వు ఈ దూరాన్ని తగ్గించడానికే. అంతకుముందు హైకోర్టు బెయిలు ఇస్తే, సర్టిఫైడ్ కాపీ వచ్చేదాకా కింది కోర్టులో జామీనులు తీసుకునేవారు కాదు. వెబ్‌సైటు నుంచి దింపుకున్న ఉత్తర్వు కాపీతోనే జామీనులు సమర్పించవచ్చని, దాన్ని కోర్టు సిబ్బంది సరిచూసుకోవాలని ఆమె ఆదేశించారు. చూడటానికి చిన్న మార్పు. జైల్లో గడిపే రోజుల లెక్కలో చాలా పెద్దది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇదే పని డబ్బుతో నడుస్తుంది. అక్కడ జామీను ఒక వ్యాపారం. బెయిలు మొత్తంలో పదో వంతు ఫీజుగా తీసుకుని పూచీ ఉండే కంపెనీలు ఉంటాయి, ఆ పదో వంతు తిరిగిరాదు. ఇల్లినాయి రాష్ట్రం మాత్రం 2023 సెప్టెంబరులో డబ్బు బెయిలును పూర్తిగా ఎత్తేసింది. అమెరికాలోనే 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయం వలలో పడి అరెస్టైన విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగు పిల్లలే. అక్కడి తెలుగు సంఘాలు వకీళ్లను మాట్లాడిపెట్టాయి. పరాయి గడ్డ మీద జామీనుండే బాబాయి లేని లోటు అప్పుడు ఆ సంఘాలు తీర్చాయి.

వారెంటు రీకాల్ అయిన రోజున ఇంకో పని మిగిలి ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. కోర్టు రద్దు చేసిన సంగతి స్టేషను రిజిస్టరులోకి దానంతటది ఎక్కదు. కబురు చేరేదాకా ఆ పేరు ఎదురుగా పెండింగు అనే ఉంటుంది. రద్దైన వారెంటు మీద మనిషిని మళ్లీ పట్టుకొచ్చి, మళ్లీ కోర్టులో నిలబెట్టిన సందర్భాలు వకీళ్లకు తెలుసు. అందుకని బయటికి రాగానే బెంచి గుమాస్తా దగ్గర రీకాల్ ఉత్తర్వు కాపీకి దరఖాస్తు పెట్టాలి. అది చేతికొచ్చాక వకీలు గుమాస్తా తోడుగా స్టేషనుకు వెళ్లి ఒక జిరాక్సు ఇవ్వాలి, రెండో జిరాక్సు మీద అందినట్టు సంతకం, తేదీ, స్టేషను ముద్ర వేయించుకోవాలి. కోర్టు కానిస్టేబులు రిజిస్టరు తెరిచి ఆ పేరు ఎదురుగా రీకాల్ అని రాసేదాకా అక్కడే ఉండాలి. బస్సెక్కే ముందు వచ్చే వాయిదా తేదీని ఇంటి గోడ మీది క్యాలెండరులో రాసుకునేలా ఫోన్లో ఫొటో తీసుకోవాలి. అది ఏప్రిల్ నెలాఖరులో పడితే, కోతల సంగతి వకీలుకు ఆ రోజే చెప్పిరావాలి.